గడప కోడి

మే మొదటి వారం.
కాల్యుమెట్‌లో నీడపట్టున మంచు ఇంకా ఉంది,
గార పట్టిన పన్నులా.
ఫోన్‌లో డెల్ఫీన్ వెలెట్ గొంతు:
"మా నేలమాళిగలో వాన పడుతోంది.
బయట మొక్కలకి నీళ్లు పెట్టినప్పుడే పడుతుంది.
కట్టేస్తే ఆగిపోతుంది. ఇదేం వాన?"

నాకు తెలిసిన వానే.
ఏటా ఈ రోజుల్లో ఏడెనిమిది ఇళ్లలో పడుతుంది.

ఆమె స్కూలు బస్సు నడుపుతుంది.
నిరుడు ఆగస్టులో కొంది ఈ ఇల్లు,
పోయిన ఊర్హో కెస్కిటాలో వారసుల దగ్గర.
ఆయన ముఖమైనా చూసి ఎరగదు.
ఆయన మాత్రం మాళిగ నిండా మాట్లాడుతూనే ఉన్నాడు:
ప్రతి గొట్టం మెడలో ఓ దారం, దారానికో అట్టముక్క,
అట్టమీద పెన్సిలు రాత.
"ఇది తిప్పకు."
"ఇది తిప్పినా ఏం కాదు."
"ఇదేమిటో నాకూ తెలీదు."
మూలనున్న దాని మీద:
"సిల్‌కాక్. అక్టోబరు పదిహేను. హోసు విప్పెయ్యి."

"పిట్టేమో అనుకున్నా" అంది డెల్ఫీన్.
"అక్టోబరులో వచ్చే పిట్ట.
గింజలు కూడా కొన్నాను."

నేను నవ్వలేదు.
అబద్ధం, నవ్వాను.
కానీ ఆమె అన్నదాంట్లో సగం నిజమే.

సిల్ అంటే గడప.
గుమ్మానిది కాదు, ఇల్లంతటిదీ.
పునాది రాళ్లమీద వెల్లకిలా పడుకుని
గోడల్ని గుండెమీద మోసే మొదటి దుంగ.
కాక్ అంటే పుంజు.
పాతకాలపు పీపా కుళాయికి
పిడి తురాయిలా నిలబడి, ముక్కు కిందికి వంగి ఉండేదనీ
అందుకే ఆ పేరనీ మా గురువు చెప్పేవాడు.
ఎవరు చూడొచ్చారు.
గడప మీదుగా గోడలోంచి మెడ చాచిన పుంజు:
అంతే మాట.

ఇప్పుడు దుకాణంలో ఆ పేరడిగితే
కౌంటరు కుర్రాడు బిక్కమొహం వేస్తాడు.
పెట్టెమీద హోస్ బిబ్ అని ఉంటుంది.
దక్షిణాది నుంచి వచ్చినవాళ్లు స్పిగాట్ అంటారు.
మా ఆవిడ "ఆ బయటిది" అంటుంది.
ఏ పేరుతో పిలిచినా నీళ్లు పలుకుతాయి.

తన కోడీ కుంపటీ లేకపోతే
ఊరికి తెల్లవారదనుకుందట ముసలమ్మ.
ఈ చలిలో కోడికే కుంపటి కావాలి.
అందుకని పిడి బయట పెట్టి
గొంతుని మాత్రం అడుగు లోపలికి,
వెచ్చటి మాళిగలోకి దాచారు.
మనం బయట చెయ్యి తిప్పుతాం,
నీళ్లు లోపలే ఆగిపోతాయి.
మెడలో మిగిలిన గుక్కెడూ
తనంతట తానే కారిపోతుంది,
ముక్కుకి హోసు తగిలించి ఉంచకపోతే.

ఉంచింది.
పచ్చటి హోసు, చుట్టచుట్టి, ముచ్చటగా.
కారడానికి దారిలేని ఆ గుక్కెడు నీళ్లు
జనవరిలో ఏదో ఒక రాత్రి
ఆమె నిద్రపోతుండగా
రాగిని చీల్చాయి.
చప్పుడైనా అయిందో లేదో.
నాలుగు నెలలు ఒక్క చుక్క కారలేదు.
మూసి ఉన్నంతకాలం
చిల్లుకి తాను చిల్లునని తెలీదు.

కోసి బయటికి తీశాను.
బొటనవేలంత చీలిక, పెదవులు వెనక్కి తిరిగి.
డెల్ఫీన్ దాన్ని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది.
ఈ ఊరి కింద మైళ్లకొద్దీ తవ్వి
పైకి తెచ్చింది ఈ లోహాన్నే.
గనులు మూతబడ్డాయి.
మిగిలిన రాగి గోడల్లో ఉంది,
గ్లాసు మంచినీళ్లకే కొంపలు ముంచుతూ.

కొత్తది బిగించాను, ముక్కు రవ్వంత వాలేటట్టు.
ఆమె బయటికెళ్లి తిప్పింది.
ముందు గాలి దగ్గింది,
తర్వాత తుప్పురంగు నీళ్లు రెండు ఉమ్ములు,
తర్వాత సరిగా కూసింది.

పనిముట్లు సర్దుకుంటూ చూశాను:
మాళిగలో మెట్టుమీద కూర్చుని
ఊర్హో అట్టముక్క కింద, మిగిలిన ఖాళీలో,
బస్సు లాగ్‌బుక్కు రాసే నీలం పెన్నుతో
ఎవరికోసమో రాస్తోంది.

"పిట్ట కాదు."